ఊపిరి బిగబట్టండి... వదలండి



రాత్రి పదకొండు దాటాక ఫోను మోగితే మన ఇళ్లల్లో గుండె ఝల్లుమంటుంది. ఆ రాత్రి ఫోను చేసింది మా అక్క కూతురు. "పిన్నీ, పడుకున్నావా?" అంది. సంగతేమిటో చెప్పవే అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత గొంతు బాగా తగ్గించి అడిగింది: "పిన్నీ, ఎప్పుడో తగ్గిపోయిన జబ్బు ఎక్స్‌రేలో కనబడుతుందా?"

నన్నే ఎందుకు అడిగిందో చెప్పాలి. నేను డాక్టర్ని కాను. ముప్పై ఏళ్లు సర్కారు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసినదాన్ని. "ఊపిరి గట్టిగా పీల్చండి, బిగబట్టండి, వదలండి." ఈ మూడు ముక్కలూ నేను నా సొంత పేరుకన్నా ఎక్కువసార్లు పలికి ఉంటాను.

ఆ పిల్లకి డిగ్రీ రెండో ఏడులో క్షయ వచ్చింది. అదే, టీబీ. ఆరు నెలలు మందులు మింగింది. తగ్గిపోయింది. చదువు పూర్తి చేసింది, ఉద్యోగం చేసింది, పెళ్లి చేసుకుంది. అల్లుడు డాలస్‌లో ఉంటాడు, అమెరికా పౌరుడు. పెళ్లయ్యాక ఏడాదిన్నర ఎదురుచూస్తే ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీ వచ్చింది. ఇల్లంతా సంబరం. కానీ ఇంటర్వ్యూకి ముందు ఒకటుంది. మెడికల్. ఆ మాట దగ్గర ఈ పిల్లకి నిద్ర కరువైంది.

జబ్బు సంగతి అత్తవారింట్లో చెప్పలేదు. మొగుడికీ చెప్పలేదు. మా అక్క చెప్పనివ్వలేదు.

ఈ పూట నేను మాట్లాడేది ఆ దిగులు గురించే. భార్య దగ్గరికో భర్త దగ్గరికో దేశం దాటి వెళ్లబోయేవాళ్లు ఆ వైద్యపరీక్ష ముందు పడే దిగులు. ఎక్కువగా అమెరికా సంగతే చెబుతాను. మనవాళ్లు ఎక్కువగా వెళుతున్నది అటే కదా.

ముందుగా ఒక చిక్కు విప్పేద్దాం. ఈ మెడికల్ అందరికీ ఉండదు. భర్త హెచ్1 మీద ఉద్యోగం చేస్తుంటే భార్య వెళ్లేది హెచ్4 మీద. దానికి మామూలుగా ఈ పరీక్ష అడగరు. శాశ్వతంగా ఉండటానికి వెళ్లేవాళ్లకే, అంటే గ్రీన్‌కార్డు దారిలో వెళ్లేవాళ్లకే ఇది. పెళ్లి చేసుకోవడానికి ఫియాన్సీ వీసా మీద వెళ్లేవాళ్లకీ ఉంటుంది. మా వీధి చివర ఒకావిడ కోడలికి హెచ్4 వచ్చే ముందు, అవసరం లేకపోయినా, ఒళ్లంతా స్కానింగులు చేయించింది. డబ్బు పోయింది, పనికొచ్చింది ఏమీ లేదు.

రెండో సంగతి. ఈ పరీక్ష మీ ఊరి డాక్టరు చేస్తే చెల్లదు. కాన్సులేటు వాళ్లు ఎంపిక చేసిన కొందరు డాక్టర్లున్నారు. వాళ్లను ప్యానెల్ ఫిజీషియన్లంటారు. హైదరాబాదులోనూ ఉన్నారు. వాళ్ల దగ్గరికే వెళ్లాలి. ముందే అమెరికాలో ఉండి అక్కడే గ్రీన్‌కార్డుకి పెట్టుకునేవాళ్లకి అక్కడి డాక్టరు చూసి ఐ-693 అనే కాగితం రాస్తాడు. దారి వేరు, పరీక్ష ఇంచుమించు ఒకటే.

ఇక అసలు మాట. ఈ మాట రెండుసార్లు చెబుతాను, ఎందుకంటే రేడియోలో వెనక్కి తిప్పి వినడం కుదరదు. ఆ డాక్టరు మీరు పూర్తి ఆరోగ్యంగా ఉన్నారా లేదా అని చూడడు. మళ్లీ చెబుతున్నాను. మీరు పూర్తి ఆరోగ్యంగా ఉన్నారా లేదా అన్నది ఆయన పని కాదు. ఆయన వెతికేది కొద్ది విషయాలు. పక్కవాడికి అంటే జబ్బు ఉందా? వేయించుకోవాల్సిన టీకాలు వేయించుకున్నారా? తనకో ఇతరులకో హాని చేసే మానసిక స్థితి ఉందా? మత్తుమందుల అలవాటుందా? అంతే.

ఎముక విరిగి రాడ్ వేశారా, పర్లేదు. ఒక కిడ్నీయే ఉందా, పర్లేదు. థైరాయిడ్ మాత్ర, కళ్లజోడు, సిజేరియన్ మచ్చ... ఇవన్నీ రాసుకుంటారు. ఆపరు. రిపోర్టులో ఎ తరగతి, బి తరగతి అని రెండు ఉంటాయి. ఎ అంటే ఇప్పటికి వెళ్లడానికి వీల్లేదు. బి అంటే ఒక సంగతి ఉంది, కానీ దానివల్ల ప్రయాణం ఆగదు. మన భయాలు నూటికి తొంభై బి దగ్గరే ఆగిపోయేవి.

షుగరు, బీపీల గురించి అందరూ అడుగుతారు. డాక్టరు గదిలో వీటివల్ల వీసా పోదు. కానీ ఒక తిరకాసు ఉంది, దాచకుండా చెప్పాలి. అక్కడికి వెళ్లి ప్రభుత్వానికి భారమవుతారా అన్న లెక్క కాన్సులేటు అధికారి వేరేగా చూస్తాడు. ఆ లెక్కలో షుగరు లాంటి దీర్ఘకాలపు జబ్బుల్ని కూడా చూడమని 2025 నవంబరులో అమెరికా విదేశాంగ శాఖ తన అధికారులకు చెప్పింది. అక్కడ జవాబు చెప్పేది మీ రక్తపరీక్ష కాదు, మీ ఆయన సంపాదన కాగితాలు. ఐ-864 అనే పూచీకత్తు కాగితం ఉంటుంది, దానితోపాటు పెట్టే పన్నుల కాగితాలు ఉంటాయి. షుగరున్నవాళ్లు ఆ కాగితాలు గట్టిగా పెట్టుకోండి. ఇంటర్వ్యూ ముందు రోజు తిండి మానేసి షుగరు దించుకోవాలని చూడకండి.

మన భయానికి ఒక చరిత్ర ఉంది. ఊరికే పుట్టలేదది. న్యూయార్క్ దగ్గర ఎల్లిస్ ద్వీపం అని ఉంది. 1892 నుంచి ఓడలు దిగినవాళ్లను అక్కడ వరసగా నడిపించేవారు. మెట్లెక్కుతుంటే డాక్టర్లు చూసేవారు. ఎవరు ఆయాసపడుతున్నారు, ఎవరు కుంటుతున్నారు అని. అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో ఒక అక్షరం రాసేవారు. గుండెకో అక్షరం, కళ్లకో అక్షరం. కళ్లకలక వంటి ట్రకోమా ఉందేమోనని కనురెప్ప తిరగేసి చూసేవారు. ఆ రెప్ప తిరగేయడానికి కొందరు వాడింది బూట్ల బొత్తాలు పెట్టుకునే కొక్కెం. తలుచుకుంటేనే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి.

పడమటి ఒడ్డున శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఏంజెల్ ద్వీపం. అక్కడి వలస కేంద్రాన్ని 1910లో తెరిచారు. అక్కడ దిగిన మన దేశస్తుల్ని, ఇతర ఆసియా వాళ్లని కడుపులో కొంకిపురుగులున్నాయని వెనక్కి పంపేవారు. మందు వేస్తే పోయే పురుగు అది. ఎవరిని రానివ్వకూడదో ముందే అనుకుని, దానికి తగ్గ జబ్బు వెతికారని చరిత్రకారులు రాశారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

ఇంకొకటి మనకి మరీ దగ్గరిది. 1979 జనవరిలో లండన్ హీత్రూ విమానాశ్రయంలో ఒక భారతీయ ఉపాధ్యాయురాలు దిగింది. 35 ఏళ్లావిడ. పెళ్లి చేసుకోబోయేవాడి దగ్గరికి వచ్చింది. అధికారులకి ఈమెకి ముందే పెళ్లయిందేమోనని అనుమానం వచ్చింది. డాక్టరు చేత కన్యత్వ పరీక్ష చేయించారు. పత్రికలో వార్త వచ్చాక మన దేశంలోనూ అక్కడా నిరసనలు లేచాయి. ఆ పరీక్షలు ఆపేశారు. మన దేశంలో ఉన్న బ్రిటిష్ కార్యాలయాల్లో కూడా ఇలాంటివి జరిగాయని చాలా ఏళ్ల తర్వాత పాత దస్త్రాలు బయటపెట్టాయి.

అందుకే, మెడికల్‌కి వెళ్లాలంటే సిగ్గుగా ఉంది పిన్నీ అని ఒక ఆడపిల్ల అంటే నేను నవ్వను. ఇప్పుడు అలాంటి పరీక్ష లేదు. గుండె వింటారు, ఊపిరితిత్తులు వింటారు, పొట్ట నొక్కి చూస్తారు, మెడలో చంకల్లో గడ్డలున్నాయేమో తడుముతారు, చర్మం చూస్తారు. గౌను వేసుకోమంటారు. లేడీ డాక్టరు కావాలని అడగండి. లేకపోతే పక్కన ఒక ఆడమనిషి ఉండాలని అడగండి. ఏం చూస్తున్నారు, ఎందుకు చూస్తున్నారు అనీ అడగండి. అడిగితే వీసా పోతుందని కొందరంటారు. పోదు.

సరే, మా అమ్మాయి సంగతికి వద్దాం.

ఆ రాత్రి దాని ప్రశ్నకి నేను ఉన్నదున్నట్టు చెప్పాను. కనబడుతుంది తల్లీ. క్షయ మానినా ఊపిరితిత్తి మీద మచ్చ మిగలవచ్చు. మోకాలు చెక్కుకుపోయి మానితే మచ్చ మిగలదూ? అలాగే ఇదీ. ఎక్స్‌రేకి ఆ మచ్చ తెలుస్తుంది. కానీ అది ఇప్పటి పుండా, ఎప్పటిదో మచ్చా అన్నది ఒక్క ఫిల్ము చూసి చెప్పడం కష్టం. పాత ఫిల్ము పక్కన పెట్టుకుంటే డాక్టరుకి పని తేలికవుతుంది. నీ పాత ఫైలు ఏదీ అన్నాను.

అటువైపు మళ్లీ మాట లేదు. "అమ్మని అడగాలి" అంది.

మర్నాడు మా అక్కకి ఫోను చేశాను. మొదట దబాయించింది. "ఆ మాట ఎత్తకు. దాని కాపురం ఏం కావాలి? అడిగితే ఏ జబ్బూ లేదని చెప్పమను, సరిపోతుంది" అంది. నేను ఊరుకోలేదు. చివరికి ఆ ఫైలు ఎక్కడుందో తెలుసా? అటక మీద, పాత ఇత్తడి గుండిగలో, అడుగున, దినపత్రికలో చుట్టి. చింపేద్దామని చాలాసార్లు తీసిందట. చేతులు రాలేదట. ఎందుకు రాలేదే అంటే, "ఆ ఆరు నెలలూ దానికి మాత్ర మాత్ర లెక్కపెట్టి నేనే మింగించాను. ఆ కాగితాలు చూస్తే అది బతికిందని గుర్తొస్తుంది" అంది. మా అక్క చదువుకోలేదు. అయినా చింపకుండా మంచిపని చేసింది. ఆ చింపని ఫైలే తర్వాత అక్కరకొచ్చింది.

ఏ జబ్బూ లేదని అబద్ధం చెబితే ఏమవుతుంది? వినండి. పాత జబ్బుకి వీసా పోదు. దాన్ని దాచి అబద్ధం చెప్పారని తేలితే పోవచ్చు. అమెరికా చట్టంలో అబద్ధం చెప్పి వీసా పొందాలని చూడటం జబ్బుకన్నా పెద్ద దోషం. జన్మంతా వెంటాడే దోషం. మానిన జబ్బు చెప్పండి. మానని జబ్బూ చెప్పండి.

మెడికల్ రోజున నేనే వెంట వెళ్లాను. హైదరాబాదులో క్లినిక్కు. పొద్దున్నే వెళ్లాం. అప్పటికే ముప్పైమంది. అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ ఫోల్డర్లు. గోరింట ఇంకా ఎర్రగా ఉన్న కొత్త పెళ్లికూతుళ్లు. కొడుకు దగ్గరికి వెళ్లబోయే ఒక పెద్దాయన పరగడుపున వచ్చాడు. ఎవరో చెప్పారట. ఆయనకి కళ్లు తిరుగుతుంటే నేనే బిస్కెట్లు తినిపించాను. దీనికి పస్తులు అక్కర్లేదు, తినేసి రండి.

ఇక్కడ నా వృత్తి మాటలు రెండు చెప్పనివ్వండి. వీటిని ఏ కాగితంలోనూ రాయరు.

మొదటిది జడ. లావుపాటి జడ భుజం మీద పడి ఉంటే ఎక్స్‌రేలో దాని నీడ ఊపిరితిత్తి పై భాగం మీద పడుతుంది. క్షయ మచ్చ ఎక్కువగా ఉండేది ఖర్మకాలి సరిగ్గా ఆ పై భాగంలోనే. జడ నీడ చూసి అనుమానపడి మళ్లీ తీయించిన ఫిల్ములు నా సర్వీసులో ఎన్నో. కాబట్టి అమ్మలూ, ఆ రోజు జుట్టు ఎత్తి ముడి వేసుకుని వెళ్లండి. జాకెట్టుకి పిన్నీసులు పెట్టుకోకండి.

రెండోది తాళి. ఛాతీ ఎక్స్‌రేకి మెడలో లోహం ఉండకూడదు. గొలుసు తీయాలి, నల్లపూసలు తీయాలి. మా ముందు ఒక పిల్ల తీయనని ఏడుపు మొదలుపెట్టింది. భర్త ఆ దేశంలో, తను ఈ దేశంలో, ఈ ఘడియలో తాళి తీయమంటే ఆ పిల్ల ప్రాణం ఒప్పుకోలేదు. అక్కడి సిబ్బంది విసుక్కున్నారు. నేను నా సంచీలోంచి పసుపుకొమ్ము, దారం తీసి కట్టాను. ఎప్పటినుంచో నా అలవాటది. ఆసుపత్రిలో నా బల్ల సొరుగులో పసుపుకొమ్ములు ఉండేవి. పసుపుకొమ్ము ఎక్స్‌రేకి అడ్డం రాదా అంటారా? పైకి జరిపి మెడ దగ్గరకి కట్టుకుంటే ఇబ్బంది లేదు. ఇంటి దగ్గరే కట్టుకుని వెళితే మరీ మంచిది. గొలుసు ఇంట్లో భద్రంగా ఉంటుంది.

నెల తప్పి ఉంటే, తప్పిందేమోనని అనుమానమున్నా సరే, ఎక్స్‌రే గదిలోకి అడుగుపెట్టే ముందే చెప్పండి. పొట్టకి సీసపు కవచం కట్టి తీస్తారు. వద్దనుకుంటే కాన్పయ్యేదాకా వాయిదా వేసుకోవచ్చు, కాకపోతే ప్రయాణమూ వాయిదా పడుతుంది. తట్టు, ఆటలమ్మ టీకాలు గర్భిణులకు వేయరు. భర్త సెలవు మీద వచ్చి వెళ్లిన నెలలోనే మెడికల్ పెట్టుకునేవాళ్లు ఎంతోమంది ఉంటారు. అందుకే నొక్కి చెబుతున్నాను.

టీకాల దగ్గర పెద్ద గొడవేమీ లేదు. చిన్నప్పటి కార్డు ఉంటే పట్టుకెళ్లండి. లేకపోతే కొన్ని అక్కడే వేస్తారు. ఒక టీకా మూడు డోసులదైతే మూడూ అయ్యేదాకా మిమ్మల్ని ఆపరు, మొదటిది వేసి రాసేస్తారు. ఆటలమ్మ పోసి ఉంటే ఆ మాట చెప్పండి, ఆ టీకా తప్పుతుంది. కోవిడ్ టీకా కొన్నేళ్లు తప్పనిసరి చేశారు, 2025లో ఎత్తేశారు.

రక్తం తీసి సిఫిలిస్ ఉందేమో చూస్తారు. పాతవాళ్లు సవాయి అనేవారు. 18 నుంచి 44 ఏళ్ల మధ్యవాళ్లకి చేస్తారు. ఉన్నా భయం లేదు, పెన్సిలిన్‌తో నయమవుతుంది, నయమయ్యాక దారి తెరుచుకుంటుంది. ఇక హెచ్ఐవీ. దాని పేరు చెప్పి ఎంతోమందిని అమెరికా గుమ్మం దగ్గరే ఆపింది ఒకప్పుడు. 2010 జనవరి 4 నుంచి ఆ నిషేధం లేదు. పరీక్ష కూడా అడగరు. కెనడా, ఆస్ట్రేలియాలు మాత్రం పరీక్ష చేస్తాయి. కెనడాలో ఒక మంచి నియమం ఉంది. వైద్యఖర్చు ఎక్కువవుతుందన్న కారణంతో కొందరిని కాదంటారు. కానీ తమవాళ్లు పిలిపించుకుంటున్న భార్యకీ భర్తకీ ఆ కారణం వర్తించదు. కాపురం ముందు, ఖర్చు తర్వాత అన్నమాట. నాకు నచ్చింది. బ్రిటన్ వాళ్లు ఇప్పుడు మన దేశం నుంచి కాపురానికి వెళ్లేవాళ్లని అడిగేది ఛాతీ పరీక్ష ఒక్కటే.

మగవాళ్లకి ఒక మాట. భార్య ఉద్యోగం చేస్తూ భర్తను పిలిపించుకుంటున్న ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. తాగి బండి నడిపి పోలీసులకి దొరికిన కేసు ఏదైనా ఉంటే, స్నేహితులతో సరదాకి అనో, ఫైను కట్టేశాం కదా అనో కొట్టిపారేయకండి. వాళ్లు అడుగుతారు. చెప్పాలి. తాగుడు ఇతరులకి ప్రమాదమా అని ఇంకో నిపుణుడి దగ్గరికి పంపవచ్చు. ఆడవాళ్లు పాత జబ్బులు దాస్తారు, మగవాళ్లు పాత కేసులు దాస్తారు. దాచిన రెండూ ఆ గదిలోనే బయటపడతాయి.

దిగులుకి మందులు వాడుతున్నవాళ్లూ దాచనక్కర్లేదు. డిప్రెషన్‌కి మందు వేసుకోవడం దోషం కాదు. హాని చేసే ప్రవర్తన ఉందా అన్నదే వాళ్ల ప్రశ్న. మీకు మందు రాసే డాక్టరు దగ్గర ఒక ఉత్తరం తీసుకుని వెళ్లండి.

మా అమ్మాయి వంతు వచ్చింది. ఎక్స్‌రే గదిలోకి వెళ్లింది. నేను బయట కూర్చున్నాను. తలుపు వెనకాల నుంచి ఎవరో కుర్రాడి గొంతు వినిపించింది. "ఊపిరి పీల్చండి, బిగబట్టండి." నేనూ బిగబట్టాను. ముప్పై ఏళ్లలో ఆ మాట బయట కూర్చుని వినడం అదే మొదలు. "వదలండి" అనడానికి అంతసేపు పడుతుందని నాకెప్పుడూ తెలియలేదు.

తర్వాత డాక్టరు పిలిచారు. ఎప్పుడైనా క్షయ వచ్చిందా అని అడిగారట. మా పిల్ల ఫైలు బల్ల మీద పెట్టింది. గుండిగలో ఉండి ఉండి కాస్త చిలుము వాసన వేస్తున్న ఫైలు. ఏ నెలలో మొదలుపెట్టారు, ఏం మందులిచ్చారు, ఎప్పుడు ఆపారు, అన్నీ ఉన్నాయి. పాత ఫిల్మూ ఉంది. డాక్టరు రెంటినీ వెలుగులో పెట్టి చూశారు. మచ్చ ఉందమ్మా, అయినా గళ్ల పరీక్ష తప్పదు అన్నారు.

ఇక్కడే చాలామంది కుప్పకూలిపోతారు. అందుకే నెమ్మదిగా చెబుతాను. ఎక్స్‌రేలో అనుమానం వస్తే గళ్ల పరీక్ష చేస్తారు. మూడు రోజులు వరసగా పొద్దున్నే వెళ్లి గళ్ల ఇవ్వాలి. వాళ్ల ఎదుటే ఇవ్వాలి. దాన్ని కల్చర్ పెడతారు. క్షయ క్రిమి చాలా నింపాదిగా పెరిగే క్రిమి. లేదని గట్టిగా చెప్పడానికి దాదాపు 8 వారాలు పడుతుంది. ఎనిమిది వారాలు. ఇది తిరస్కరణ కాదు. ఆలస్యం. మళ్లీ అంటున్నాను, తిరస్కరణ కాదు, ఆలస్యం. ఒకవేళ క్రిమి ఉందనే తేలితే మందులు మొదలుపెడతారు. దగ్గరుండి మింగిస్తారు. కోర్సు పూర్తయ్యాక దారి మళ్లీ తెరుచుకుంటుంది.

ఈ ఎనిమిది వారాల్లో జనం చెప్పే సలహాలు వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. పసుపుపాలు తాగితే మచ్చ పోతుందన్నారు. పోదు. ఇంకెవరో, వేరే మనిషి గళ్ల తెచ్చి ఇస్తే సరి అన్నారు. అలాంటిది చేస్తే ఇక ఆ దేశం మొహం చూడనక్కర్లేదు.

ఒక తప్పు మేమూ చేశాం. అత్తవారు ముచ్చటపడి విమానం టికెట్టు ముందే కొన్నారు. ఇంటర్వ్యూ వాయిదా పడింది, టికెట్టు డబ్బు సగం పోయింది. వీసా చేతికొచ్చేదాకా టికెట్టు కొనకండి. మెడికల్‌కి కూడా గడువుంటుంది. మామూలుగా 6 నెలలు, ఛాతీ అనుమానం ఉన్నవాళ్లకి ఇంకా తక్కువ. అందుకని మరీ ముందుగానూ చేయించుకోకండి.

టికెట్టు ఎందుకు మార్చాలో మొగుడికి చెప్పాలి కదా. అప్పుడు చెప్పింది. పెళ్లయిన ఇన్నాళ్లకి, వీడియో కాల్‌లో, ఈ పిల్ల నోరు విప్పింది. అబ్బాయి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు చేసి, "జబ్బు వచ్చిందని కోపం కాదు. కాన్సులేటు వాళ్ల తర్వాత నాకు తెలిసింది, అదీ కోపం" అన్నాడట. నేనైతే ఆ కోపంలో తప్పు పట్టలేను. తప్పు ఈ పిల్లదీ అనలేను. క్షయ వచ్చిన పిల్లకి సంబంధం రాదని భయపెట్టింది మనమే. ఆరు నెలల మందుతో పోయే జబ్బుని, మనం ఏళ్ల తరబడి రహస్యం చేసి పెట్టాం.

నా అనుభవంలో ఈ దిగులులో సగం డాక్టరు గురించి కాదు. ఇంట్లోవాళ్ల గురించి. డాక్టరు మీ అత్తగారికి ఫోను చేయడు. రిపోర్టు కాన్సులేటుకి పోతుంది. మీకు కవరిస్తే సీలు వేసి ఉంటుంది, దాన్ని మీరు విప్పకూడదు. అత్తగారికి మా వాళ్లింకా చెప్పినట్టు లేదు. అది వాళ్లిష్టం. కానీ మొగుడూ పెళ్లాల మధ్య మాత్రం ఈ మాట దాగదు. ఎందుకంటే ఆ దేశంలో దిగాక ఇంకో కబురు వస్తుంది.

ఎనిమిది వారాలకి ఫలితం వచ్చింది. క్రిమి లేదు. బి తరగతి అని రాశారు. ముంబైలో ఇంటర్వ్యూ అయింది. ఆ జబ్బు గురించి అక్కడ ఒక్క ప్రశ్నా అడగలేదట. పెళ్లి ఫొటోలు చూపించమన్నారట. పిల్ల డాలస్ వెళ్లిపోయింది.

వెళ్లిన కొద్ది వారాలకి అక్కడి ఆరోగ్య శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ఛాతీలో పాత మచ్చ ఉండి వెళ్లినవాళ్ల సంగతి ముందుగానే అక్కడికి తెలియజేస్తారు, ఒకసారి వచ్చి చూపించుకోమంటారు. ఉత్తరం వచ్చింది మొగుడి ఇంటి అడ్రసుకి. పోస్టు డబ్బా తీసింది అతనే. విప్పకుండానే తెచ్చి దీని చేతిలో పెట్టాడు. ఇద్దరూ కలిసి వెళ్లారు. మళ్లీ ఎక్స్‌రే తీశారు. బాగానే ఉందన్నారు.

శ్రోతలారా, మీ ఇంట్లో ఇలా వెళ్లబోయే పిల్లలుంటే, పాత ఆసుపత్రి కాగితాలు ఎక్కడున్నాయో ఇవాళే వెతికించండి. అటక మీద చూడండి, బీరువా అడుగున చూడండి. దొరక్కపోతే అప్పట్లో మందులిచ్చిన ఆసుపత్రికో, జిల్లా క్షయ నివారణ కార్యాలయానికో వెళ్లి అడిగి చూడండి. ఫైలు దొరికాక, దాన్ని ముందు కాన్సులేటుకి కాదు, అటువైపు ఎదురుచూస్తున్న మనిషికి చూపించండి.